చప్పుడు చేయని సైలెన్సర్

"వినబడుతోంది" అని ఆమె చెయ్యెత్తింది.

అతనికీ వినబడింది. మూసిన తలుపు అవతల, షెడ్డు చివర నిలబెట్టిన లారీ బరువుగా గురక పెడుతోంది. అతను తలుపు తీసి, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. సైలెన్సర్ల మేస్త్రీ ఇంజిన్ ఆపి, బిగించినదాన్ని మళ్లీ విప్పడానికి లారీ కిందికి దూరాడు.

ఈ పద్ధతి ఆమె పెట్టినదే. ముందుగదిలో గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. ఇంజిన్ ఎప్పుడు స్టార్ట్ చేస్తున్నదీ తనకు గానీ, పక్కన నిలబడే భర్తకు గానీ చెప్పకూడదు. చెవిన పడితే చెయ్యెత్తుతుంది. తనకు వినబడని సైలెన్సర్ దొరికితే, అన్నయ్య ఇంట్లో ఉన్న పెట్టెలు తెచ్చుకుని తిరిగి కాపురానికి వస్తుంది. "రానని అనడం లేదు. ఆ చప్పుడుతో ఉండలేను" అని ఫోన్లో చెప్పింది. అతను ఆ మాటను పట్టుకుని ఇంత దూరం వచ్చాడు.

అంతకుముందు అతను తనకు తోచినవన్నీ చేసి చూశాడు. లారీ అమ్మేస్తానన్నాడు. అమ్మితే తినేదేమిటని ఆమే వద్దంది. వాకిట్లో పెట్టడం మానేసి వీధి మలుపులో ఆపి, అక్కణ్ణుంచి చెప్పులు చేతపట్టుకుని నడిచి వచ్చేవాడు. అయినా తలుపు తీసేసరికి ఆమె మంచం మీద లేచి కూర్చుని ఉండేది.

మేస్త్రీకి ఇవేవీ తెలియవు. ఆమెకు తలనొప్పి అని మాత్రమే అతను చెప్పాడు. మేస్త్రీ పని చేస్తూనే వేళాకోళం మొదలుపెట్టాడు.

"లారీ వస్తుంటే రోడ్డంతా తిరిగి చూడాలని నువ్వే కదన్నా అడిగింది. కంపెనీ సైలెన్సర్ పీకించి, లోపల ఏమీ లేని గొట్టం పెట్టించుకుంది నువ్వే. ఇప్పుడేమో పిల్లిలా నడవాలంటున్నావు. వదినంటే భయం పట్టుకుందా ఏంటి?"

అతను నవ్వినట్టు పెదవులు కదిపాడు.

రెండో సైలెన్సర్ కొంచెం లావుది. లోపల పీచు దట్టించి ఉంటుందని, చప్పుడును అదే మింగేస్తుందని మేస్త్రీ చెప్పాడు. బిగించాక అతను తలుపు మూసి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. చాలాసేపటికి గోడలోంచి వచ్చినట్టు సన్నటి రొద వినబడింది. అది ఆమె చెవిన పడకపోతే బాగుండునని అనుకున్నాడు. ఆమె చెయ్యెత్తింది.

ఇక ఒక్కటే మిగిలిందన్నాడు మేస్త్రీ. అది అన్నిటికన్నా పెద్దది, లోపల అరలు అరలుగా ఉంటుంది. కానీ పొగ తేలిగ్గా బయటికి పోదు కాబట్టి ఇంజిన్‌కు దమ్ము తగ్గుతుంది. ఎత్తు మీద లోడు లాగలేదు, డీజిలు ఎక్కువ తాగుతుంది. సొంత మనిషి కాబట్టి చెబుతున్నానన్నాడు.

"లాగకపోతే తక్కువ లోడే వేసుకుంటాను. పెట్టెయ్" అన్నాడు అతను.

మేస్త్రీ తల గోక్కున్నాడు. పాత గొట్టం గోడకు ఆనించి ఉంది. మంచి ఇనుమని, అడిగేవాళ్లు చాలామంది ఉన్నారని, కావాలంటే ఇంకెవరికైనా అమ్మిపెడతానని అన్నాడు. ఆ మాట విని ఆమె మొదటిసారి గదిలోంచి బయటికి వచ్చింది.

"అది ఎవరికీ అమ్మకండి. ముక్కలు చేసెయ్యండి."

"ఎందుకు వదినా? కొత్తదాన్లా ఉంది."

"దాని చప్పుడులో నేను అరిచింది ఈయనకి వినబడలేదు."

"ఏమని అరిచారు?"

"ఆపమని. వెనక్కి తీస్తున్నారు, పాప వెనకే ఉందని."

ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. అంగట్లో సరుకు అడిగినట్టే చెప్పి, లోపలికి వెళ్లి గోడ వైపు తిరిగి కూర్చుంది. మేస్త్రీ అతని మొహం వైపు చూడలేకపోయాడు. ఆ గొట్టం బిగించింది తన చేతులే. పాప ఎలా ఉందని అడగాల్సిన అవసరం లేదని మేస్త్రీకి అర్థమైంది. కట్టర్ అందుకుని, గొట్టాన్ని ఎందుకూ పనికిరాకుండా కోసి పడేశాడు. ఆ తర్వాత మళ్లీ హాస్యమాడలేదు.

పెద్ద సైలెన్సర్ ఎత్తడానికి అతనూ ఒక చెయ్యి వేశాడు. మిగతా బిగింపు తను చూసుకుంటానని మేస్త్రీ అతన్ని లోపలికి పంపాడు.

అతను తలుపు మూశాడు. ఆమె ఫ్యాను కూడా ఆపమంది. ఆపాడు. గదిలో తన ఊపిరి తనకే వినబడేంత నిశ్శబ్దం. ఆమె చేతులు ఒడిలో ఉన్నాయి. అతను వాటినే చూస్తూ నిలబడ్డాడు.

ఎంతసేపటికీ ఏ రొదా రాలేదు. గోడకు చెవి ఆనించాడు. ఏమీ లేదు. నేలలో అదురు కూడా లేదు. మేస్త్రీ అబద్ధమాడలేదు, ఇది నిజంగానే చప్పుడును మింగేసింది. వెళ్లేదారిలోనే బావ ఇంటి ముందు ఆగి పెట్టెలు ఎక్కించుకోవచ్చు. ఇంట్లో అన్నీ కడిగి ఉంచాడు. చాలా రోజుల తర్వాత అతని భుజాలు కాస్త దిగాయి.

ఆమె చెయ్యి మెల్లగా లేచింది.

"వినబడుతోంది" అంది, అతనికి కష్టం కలిగిస్తున్నందుకు నొచ్చుకుంటున్నట్టు.

"నాకేం వినబడటం లేదే."

"మీకు అప్పుడూ వినబడలేదు."

ఆమె చెయ్యి అలాగే ఎత్తి ఉంచింది.

తలుపు తోసుకుని మేస్త్రీ లోపలికి వచ్చాడు, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ.

"ఒక బోల్టు మొరాయిస్తోందన్నా, ఇంకా స్టార్ట్ చెయ్యలేదు."