గురువారం పేర్లు

"సిస్టరమ్మ నీకేటి సేసిందో రెండు ముక్కలు సెప్పు, దమయంతీ" అంటూ ఉపదేశి మైకు చేతికిచ్చాడు.

అక్కుపల్లి చర్చిలో ఆ రోజు సిస్టర్ ఫిలోమినా సంస్మరణ సభ. జీడిపిక్కలు కొట్టి నల్లబడిన వేళ్లతో దమయంతి మైకు పట్టుకుంది.

"ఏలిముద్ర ఏసుకునే నాకు నలభయ్యో ఏట అచ్చరాలు నేర్పింది. మొన్న మంగళవారం మా ఇంటాయన ఊపిరందక కొట్టుకుంటంటే, డయాలసిస్‌లో తన వంతు ఆయనకిచ్చీసింది. 'నాది గురువారానికి మార్చారులే, తీసుకెళ్లు' అంది. ఆయన బతికినాడు. శనివారం సిస్టరమ్మ పోయింది."

జనం చప్పట్లు కొట్టారు. వెనక బెంచీలో ఆమె భర్త కండువాతో కళ్లొత్తుకున్నాడు.

దమయంతి మైకు వదల్లేదు.

"ఆ మంగళవారమే ఆసుపత్రి గోడకి గురువారం పేర్ల కాయితం అంటించి ఉన్నాది. కూడబలుక్కుని అంతా సదివినాను. పదకొండు పేర్లు. సిస్టరమ్మ పేరు నేదు."

ఉపదేశి మైకు కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"రెండోసారి కూడా సదివినాను. సదివి, సదువు రానిదాన్లాగ తల దించుకుని, మా ఆయన్ని లోపలికి తీసుకెల్లినాను."