నాలుగు వీధుల దూరం

“కొడుకు చచ్చిపోయినాడని నా చేత్తో సంతకం పెట్టల్లనా?” పద్మావతమ్మ కాగితాన్ని బల్ల మీదకి తోసేసింది.

అనంతపురం రిజిస్ట్రారు ఆఫీసు బయట, రేకుల షెడ్డు కింద దస్తావేజులు రాసే జయరాముడు తల గోక్కున్నాడు. “నన్నేం చెయ్యమంటావక్కా? రోడ్డు వెడల్పులో ఇల్లు పోతాండాది. నోటీసులో ఇల్లేమో సుదర్శన్ పేరున ఉండాది. పరిహారం కావల్లంటే వాడన్నా రావల్ల, వాడు లేడన్న కాగితమన్నా ఉండల్ల. వాడు ఇల్లు ఇడిసి పోయి తొమ్మిదేండ్లాయ.”

“నాకు పరిహారం వద్దు. వాడొచ్చేదాకా ఇల్లు కూలగొట్టొద్దని అర్జీ రాయి. ఇల్లు లేకపోతే వాడు యాడికని వస్తాడప్పా?”

“రాస్తాలే. దానికి ఇంటి రికార్డులన్నీ తియ్యల్ల.”

పక్కనే ఉన్న కూతురు కల్పన ఆమె చెయ్యి పట్టుకుంది. “ఏ రికార్డులూ వద్దమ్మా. మా ఇంటికొచ్చి ఉండు. లెయ్యి, పోదాం.”

“నువ్వు ఊరుకో. గడప తొక్కొద్దని వాణ్ణి అన్నది నేను. ఏదో కోపంలో అంటిని. దాన్నే పట్టుకున్యాడు మొండోడు.”

జయరాముడు లోపలికి వెళ్ళి, గంట తర్వాత కాగితాలతో వచ్చాడు. వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాడు.

“కుళ్ళాయప్ప అనే ఆయన దగ్గర మీ మామ కొన్యాడు. మీ మామ నుంచి మీ ఆయనకు. మీ ఆయన సుదర్శన్‌కు రాసిచ్చినాడు.” పేజీ తిప్పి ఆగిపోయాడు. “అక్కా, ఇంకొకటి ఉండాది. పోయినేడు మార్చిలో సుదర్శన్ ఇల్లు నీ పేరున రాసిచ్చినాడు. ఈడికే వచ్చినాడు. నా దగ్గర రాయించలేదు గానీ, ఇదో చూడు, ఫోటో, వేలిముద్ర.”

పద్మావతమ్మ ఫోటోను కళ్ళ దగ్గరగా పెట్టుకుంది.

“అద్దాలు పెట్టినాడే,” అంది. తలెత్తి వీధి వైపు చూసింది. “ఈడి నుంచి మా ఇల్లు నాలుగు వీధులే కదప్పా. నేను ఏ పొద్దూ ఇల్లు ఇడిసి పోలేదే!”

“బతికుండాడు కదక్కా. సంతోషపడు.”

“బతికుండీ రాలేదప్పా.”



ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. “ఇప్పుడు యాడుండాడో రాసినారా?”

“మీ ఇంటి అడ్రసే రాసినాడు.”

“సాక్షులుంటారు కదా? వాళ్ళకు తెలిసుంటుంది. కాళ్ళు పట్టుకునైనా అడుగుతా. పేర్లు చదువు.”

“అమ్మా, ఎండగా ఉండాది. ఇంటికి పోదాం,” అంది కల్పన.

“చదువు జయరాముడూ.”

“మొదటి సాక్షి ఎవరో లాడ్జి ఆయన. రెండో సాక్షి...” జయరాముడు కాగితం పద్మావతమ్మ చేతికిచ్చాడు.

అక్కడ కల్పన సంతకం ఉంది.