పావుకిలో తేడా

“కమ్మూన్ దగ్గర ఎంత తీసుకున్నారు, బాబాయ్?”

ఇంజనీరు దలెండా మోంజీని అంత మాట అడిగేసింది.

స్ఫాక్స్ పొలిమేరలోని ఆ ఇటుకల ఫ్యాక్టరీలో ల్యాబంటే మోంజీయే. బట్టీలో కాల్చే ఆలివ్ పిప్పికి ఎంత వేడి ఉందో కొలిచేది అతనే. చిటికెడు పిప్పిని ఉక్కు డబ్బాలో బిగించి, ఆ డబ్బాను రెండు కిలోల నీళ్ళలో ముంచి, లోపల కాలుస్తాడు. నీళ్ళు ఎంత వేడెక్కితే పిప్పిలో అంత సత్తువ ఉన్నట్టు. పిప్పి తెచ్చే కమ్మూన్‌కి ధర కట్టేది ఆ అంకెను బట్టే.

రంజాన్ మొదలైన దగ్గర్నుంచీ ఆ అంకె పదో వంతు ఎక్కువ వస్తోంది. అనుమానం వచ్చి దలెండా అదే పిప్పిని ఇంకో ల్యాబుకు పంపింది. అక్కడ ఎప్పటి అంకే వచ్చింది.

“డబ్బా పీల్చుకునే వేడి కూడా కలిపి లెక్క వేసి చూశాను. నీళ్ళు పావుకిలో తగ్గితే సరిగ్గా ఇంతే తేడా వస్తుంది,” అందామె.

శుద్ధి చేసిన నీళ్ళు స్టోరులో తాళం వేసి ఉంటాయి. రోజూ తూచి ఇచ్చేది హాజీ మబ్రూక్. ఆయన్ని పిలిపించారు. గ్రాము తగ్గకుండా ఇచ్చాననీ, ఉపవాసం ఉన్న నోటితో అబద్ధమాడననీ ఆయన ఒట్టు పెట్టుకున్నాడు.

స్టోరుకూ ల్యాబుకూ మధ్య ఇరవై అడుగులు. తెచ్చేటప్పుడు ఒలికాయా అని దలెండాయే అందించింది. ఇన్నేళ్ళ మనిషిని పోగొట్టుకోవడం పాపం ఆమెకూ ఇష్టం లేదు. మళ్ళీ తనే తల అడ్డంగా ఊపింది. పద్దెనిమిది రోజులూ పావుకిలో చొప్పునే ఎలా ఒలుకుతాయి?

“ఇంకేదైనా కారణముంటే చెప్పండి. ఎలాంటిదైనా సరే, మీ ఉద్యోగం పోకుండా నేను చూసుకుంటాను.”

మోంజీ హాజీ వైపు చూశాడు. గుమ్మంలో మూగిన బట్టీ పనివాళ్ళ వైపు చూశాడు. బయట జూలై ఎండ. పొద్దుట్నుంచీ సెగ దగ్గర నిలబడి వచ్చారేమో, వాళ్ళ పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. నిప్పు లేనిదే పొగ రాదని వాళ్ళలో ఎవరో గొణిగారు.

“తీసుకున్నాను మేడం. నీళ్ళు నేనే పారబోశాను.”

“ఈ నెలలోనా, మోంజీ?” అన్నాడు హాజీ. మరి అతని మొహం చూడకుండా వెళ్ళిపోయాడు.

గంటలో మోంజీ ఉద్యోగం పోయింది. ఇకమీదట పిప్పి తేవద్దని కమ్మూన్‌కీ కబురు వెళ్ళింది.

సూర్యుడు కుంగాక, ఉపవాసం విడిచే పిలుపు మసీదు నుంచి వినబడింది. మోంజీ భార్య సలూహా ఖర్జూరాల పళ్ళెం అతని ముందు పెట్టింది. ఉద్యోగం పోయిన సంగతి అప్పటికే వీధంతా గుప్పుమంది. ఆమె ఏడ్చి ఏడ్చి ఉంది.

“ఆ డబ్బు మనింటికి ఎప్పుడొచ్చింది?”

“రాలేదు. కమ్మూన్ నాకేమీ ఇవ్వలేదు.”

“మరి చెయ్యని తప్పు నెత్తినేసుకున్నావెందుకు? ఆ కమ్మూన్ ఉసురు కూడా పోసుకున్నావు.”

మోంజీ లేచి వెళ్ళి వీధి కిటికీ మూసి వచ్చాడు. గొంతు బాగా తగ్గించాడు.

“మరేం చెప్పమంటావు, సలూహా? రోజూ ఆ పావుకిలో నీళ్ళు దాహానికి ఆగలేక నేనే తాగానని, అంతమంది ముందు చెప్పమంటావా?”