కండకు తగిన లెక్క

నంద్యాల డాక్టరు రిపోర్టు చదివి, కృపావరం భుజాలు చూశాడు.

"మూత్రంలో క్రియాటినిన్ అనే పదార్థం ఒంట్లో కండను బట్టి వస్తుంది. ఆళ్లగడ్డ మిల్లులో బస్తాలు మోసే నీకు రావాల్సిన దాంట్లో ఇది సగం కూడా లేదు. రోజంతా పోసింది మొత్తం క్యానులో పట్టినావా?"

కృపావరం తల దించుకున్నాడు. అక్క ఏసమ్మకు కిడ్నీ ఇస్తానని అందరి ముందూ ఒప్పుకున్నాడు గానీ లోపల భయం. తన కిడ్నీలు మంచివి కావని పరీక్షలో తేలితే చాలనుకుని సగానికి పైగా పారబోశాడు.

"నా వల్లే సార్," అంది పక్కనే ఉన్న ఏసమ్మ. "బస్సులో నా చేతిలోనుంచి ఒలికిపాయ."

బస్సులో క్యాను పట్టుకున్నది కృపావరమే. ఆమె దాన్ని ముట్టుకోనేలేదు.

డాక్టరు మళ్లీ పట్టి తెమ్మన్నాడు. బయటికి రాగానే కృపావరం ఆగిపోయాడు.

"అక్కా, నేను..."

"పెరట్లో పారబోస్తాంటే చూసినాలే. భయమైతే నాతో చెప్పకూడదా కృపా? మళ్లా పట్టొద్దు. నీ కిడ్నీ నాకు సరిపోలేదని ఇంట్లో నేనే చెప్తా."

ఆ మాటతో కృపావరం ప్రాణం తెరిపిన పడింది. అది అక్కకు కనబడకూడదని ముఖం పక్కకు తిప్పుకున్నాడు.