గౌరి దొరికింది

“మీ గేదె దొరికిందండీ. వచ్చి తోలుకెళ్ళండి,” అంది ఫోనులో ఎవరో ఆడపిల్ల.

ప్రకాశరావు ఆవకాయన్నం ముద్ద కంచంలోనే వదిలేశాడు. వదిలెయ్యడానికి పెద్ద బాధ కూడా కలగలేదు. మంగళవారం నుంచి రెండు పూటలా అదే.

“మాకు పోయింది కుక్కమ్మా, గేదె కాదు.”

నిజంగానే కుక్క పోయింది. జిలేబి దాని పేరు. మంగళవారం పూర్ణిమ పామర్రులో జాకెట్లు కుట్టడానికిచ్చి, తిరిగి బస్సు దిగేసరికి ఇంటి గేటు బార్లా తెరిచి ఉంది, జిలేబి లేదు, మొగుడు వాలుకుర్చీలో గుర్రు పెడుతున్నాడు. తీర్పు అక్కడికక్కడే అయిపోయింది. తను గేటు ఛాయలకే వెళ్ళలేదని ప్రకాశరావు ఎంత మొత్తుకున్నా అప్పీలు లేదు. కుక్క ఇంటికొచ్చేదాకా పొయ్యి మీద కూర పడదని శిక్ష. మూడు రోజులైంది. ఈ పూట కూడా ఆవిడ జిలేబి ఫొటోలు పట్టుకుని ఊరి మీదికెళ్ళింది.

“కుక్కల సంగతి నాకు తెలీదండీ. బందరు పశువుల ఆఫీసు నుంచి హిమబిందుని మాట్లాడుతున్నా. గేదె చెవికి పసుపు ట్యాగు వేస్తాం కదా, పన్నెండంకెలది. పామర్రు నుంచి ఎవరో ఫోన్ చేసి నంబరు చదివారు. కంప్యూటర్లో కొడితే మీ పేరొచ్చింది. ముర్రా గేదె, రెండు ఈతలు.”

ప్రకాశరావు పెరట్లోకి చూశాడు. నాలుగు గేదెలూ తాపీగా నెమరేస్తున్నాయి.

“నా గేదెలు నా కళ్ళ ముందే ఉన్నాయమ్మా.”

“ఇంకోసారి లెక్కపెట్టుకోండి.”

“నాలుగే తల్లీ. ఎన్నిసార్లు లెక్కపెట్టినా నాలుగే.”

“పోనీ ఓ లింకు పంపిస్తా. నొక్కి వివరాలు సరిచూసుకోండి.”

లింకు మాట వినగానే ప్రకాశరావు ఫోను కట్టేశాడు. ఆ లింకు నొక్కితే బ్యాంకులో ఉన్నది దూడతో సహా పోతుందని ఆయనకి తెలుసు.

అయినా మనసాగలేదు. రెండు ఈతల ముర్రా అంటే గౌరి. పాకలోకి వెళ్ళి గౌరి తలెత్తి చూశాడు. గేదె ఉంది, చెవి ఉంది, చెవికి పసుపు బిళ్ళ లేదు. బిళ్ళ ఉండాల్సిన చోట చిన్న చీలిక ఉంది, అదీ ఎప్పుడో మానిపోయింది.

ఫోను మళ్ళీ మోగింది.

“లింకు వద్దంటే మానెయ్యండి,” అంది హిమబిందు, కాస్త కినుకగానే. “పామర్రులో ఫోన్ చేసినాయన నంబరిస్తా, మీరూ మీరూ చూసుకోండి. బస్టాండు పక్కన టీకొట్టు, పున్నారావుగారు.”

వీడెవడో తేల్చేద్దామని ప్రకాశరావు ఆ నంబరు కొట్టాడు. “ఏవయ్యా, మా గౌరి నీ దగ్గరుందంటున్నావట?”

“గౌరా దీని పేరు? ఎన్ని పేర్లు పెట్టి పిలిచినా పలక్కపోతే ఏంటో అనుకున్నా,” అన్నాడు అవతలి మనిషి హుషారుగా. “తొందరగా వచ్చి తీసుకెళ్ళండి బాబూ. రోజుకి నాలుగు బన్నులు లాగిస్తోంది. బల్ల కింద పడుకుందంటే లేవదు.”

“బల్ల కింద గేదె ఎట్టా పట్టిందయ్యా?”

“గేదేంటండీ పొద్దున్నే? ఉండండి, దాన్నే మాట్లాడమంటా.”

ఫోనులోంచి గౌరి మొరిగింది.

అప్పుడే గేటు తీసుకుని వస్తున్న పూర్ణిమ చేతిలో ఫొటోలు నేలపాలయ్యాయి. “జిలేబీ!” అంటూ ఫోను లాక్కుంది. అటు నుంచి మొరుగు, ఇటు నుంచి ఏడుపు, మధ్యలో పున్నారావు హలో హలో. అదంతా సద్దుమణిగాక ప్రకాశరావు నెమ్మదిగా అడిగాడు.

“గౌరి బిళ్ళ జిలేబి మెడకెట్టా వచ్చింది?”

“నేనే కట్టా,” అంది పూర్ణిమ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. “గౌరి చెవి నుంచి తెగి గాబు దగ్గర పడుంటే, నంబరుంది కదా పారెయ్యడం ఎందుకని. నంబరున్న కుక్కని ఎవరూ పట్టుకుపోరనుకున్నా. ఇప్పుడేమైంది, పనికొచ్చిందా లేదా?”

పనికొచ్చిందని ఒప్పుకోక తప్పలేదు.

అరగంటలో స్కూటర్ మీద పామర్రు చేరారు. టీకొట్టు బల్ల కింద నుంచి జిలేబి ఒక్క దూకు దూకి పూర్ణిమ ఒళ్ళో పడింది. మెడలో పసుపు బిళ్ళ తళతళలాడుతోంది. అది ముఖమంతా నాకేస్తుంటే ఆవిడ వారించలేదు. ఎదురుగా నిలబడ్డ మొగుడి మీద కూడా జాలి కలిగింది.

“ఇంటికెళ్ళగానే కొరమీను పులుసు పెడతా. గేటు వెయ్యని మగాళ్ళకి పెట్టకూడదు గానీ, పోనీలెండి, ఈసారికి క్షమించా.”

ప్రకాశరావుకి కళ్ళు చెమర్చాయి. కుక్క దొరికినందుకో, పులుసు దొరుకుతున్నందుకో ఆయనకే తెలియలేదు. జేబులోంచి రుమాలు తీస్తూ, “ఇంత దూరం ఎట్టా వచ్చిందయ్యా ఇది?” అన్నాడు పున్నారావుతో.

“బస్సులోనండీ. ఆడది కదా, టిక్కెట్టు కూడా లేదు,” అని నవ్వి, టీ గ్లాసు అందిస్తూ పున్నారావు పూర్ణిమ వంక పరకాయించి చూశాడు. “అయితే ఇది అమ్మగారి కుక్కేనా? మంగళవారం ఈవిడ వెనకే దిగిందండీ. ఫోను మాట్లాడుకుంటూ ఒక్కసారి కూడా వెనక్కి చూడకపోతే, కుక్కలంటే పడదేమో అనుకున్నా.”