రెండు మిల్లీమీటర్లు

“పదిహేడో నంబరు కుదరదు. కొట్టేయమ్మా,” అంది డాక్టరు, స్కాను తెర మీంచి చూపు తిప్పకుండా.

నర్సు పెన్ను తీయలేదు. “ఇంకోసారి చూడండి మేడమ్.”

“మూడుసార్లు కొలిచాను. కాలేయంలో కణితి పెద్ద సిరలోకి రెండు మిల్లీమీటర్లు చొరబడింది.”

“రెండే కదా మేడమ్.”

“రెండైనా లోపలే.”

కొత్త మందు ప్రయోగానికి రోగుల్ని ఎంచే ఆ గదిలోకి మనుషుల పేర్లు రావు. స్కాన్ల మీద నంబర్లే ఉంటాయి. ఎవరిదో తెలిస్తే చెయ్యి ఒకవైపు మొగ్గుతుందని ఆ ఏర్పాటు. డాక్టరు వారానికోసారి వేరే ఆసుపత్రి నుంచి వచ్చి, స్కాన్లు చదివి, సంతకాలు పెట్టి వెళ్ళిపోతుంది. రోగులతో మాట్లాడేది, కాదని చెప్పేది నర్సే. ఇప్పటికి తొమ్మిది మందికి చెప్పింది. మొదటి ఇద్దరి దగ్గరా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇప్పుడు చెప్పేసి, అట్నుంచటే వెళ్ళి అన్నం తినగలుగుతోంది.

ఈ పదిహేడో నంబరాయనకు చెప్పడానికి మాత్రం ఎందుకో మనసు రావడం లేదు. కొత్త వైద్యం గురించి ఆయనకు విడమరిచి చెప్పింది తనే. కణితి పెరగాలంటే తనకంటూ కొత్త రక్తనాళాలు మొలిపించుకోవాలి. అవి మొలవకుండా ఆపే జన్యువును కాలేయంలోకి పంపిస్తారు. తిండి అందక కణితి ఎండిపోతుంది. అంతా విని ఆయన, “అంటే నన్ను మాడ్చకుండా దాన్ని ఒక్కదాన్నే మాడ్చే మందు. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారమ్మా?” అన్నాడు. తొమ్మిది మందిలో ఒక్కరూ అలా మాట్లాడలేదు.

“బయట పొద్దున్నుంచీ కూర్చుని ఉన్నాడు మేడమ్. మీరొక్క గీత ఇటు జరిపితే చాలు. ఎవరికి తెలుస్తుంది?”

“సిరలోకి పోయాక ఆ మందు ఎక్కిస్తే ఏమవుతుందో తెలుసా?”

నర్సు తలుపు వంక చూసింది.

“కిందటి ప్రయోగంలో ఇలాంటివాళ్ళు ఇద్దరున్నారు. ఇద్దరూ వారం తిరక్కుండా రక్తం కక్కుకుని పోయారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.” డాక్టరు గొంతు బస్సు వేళలు చదువుతున్నట్టుంది. “మందు లేకపోతే నాలుగు నెలలుంటాడు. ఐదైనా ఉండొచ్చు.”

కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టింది. తేదీ కూడా వేసింది.

‘ఈవిడ గుండె రాయి,’ అనుకుంది నర్సు. కోపం రావలసిన చోట ఏమీ రాలేదు. తను మాత్రం తక్కువ తిందా, కాదని చెప్పొచ్చిన రోజుల్లో?

“ఆయన ఒంటరిగా వచ్చాడు మేడమ్. చెప్పేటప్పుడు పక్కన మనిషంటూ ఉండాలి.”

“ఉండాలి,” అంది డాక్టరు.

నర్సు గోడవారగా వెళ్ళి బీరువాలోంచి పదిహేడో నంబరు ఫైలు తీసింది. అవసరమైతే ఎవరికి తెలియజేయాలి అన్నచోట ఒకే ఒక్క నంబరుంది. అది రాసేటప్పుడు ఆయన, “మా ఆవిడది. ఇక్కడికి వచ్చినట్టు తనకు తెలీదు. ప్రాణం మీదికొస్తేనే చెయ్యండి,” అన్నాడు.

ఇంతకంటే ప్రాణం మీదికి రావడమంటే ఏమిటో నర్సుకు తోచలేదు. గదిలో ఫోను తీసుకుని, ఒక్కో అంకె చూసుకుంటూ నొక్కింది.

బల్ల మీద డాక్టరు సంచిలో ఫోను మోగింది.

నర్సు ఫైలు వంక చూసింది, సంచి వంక చూసింది. ఫోను ఇంకా మోగుతూనే ఉంది.

“పెట్టేయమ్మా,” అంది డాక్టరు. “ఆయనకు మొదటి స్కాను తీసింది కూడా నేనే. ఇవాళ తెర మీద చూడగానే ఎవరిదో తెలిసింది.”