ఇరవై నాలుగు హెల్మెట్లు

"ఆగకండి, ఆగకండి! ఫొటోలు బయటికెళ్ళాక తీసుకోండి. కాలు జారిందంటే పట్టుకోడానికి గోడ కూడా దొరకదు!"

అరుస్తున్నది గైడు కాదు. గుంపు వెనకాల నడుస్తున్న ఒక ముసలాయన.

గైడమ్మాయికి ఒళ్ళు మండిపోయింది. ఉద్యోగంలో చేరి ఆరు రోజులే అయింది. సముద్రం ఒడ్డున కొండ కడుపులో ఉన్న ఈ గుహ చూపించడానికి బస్సులో ఇరవై నాలుగు మందిని వెంటబెట్టుకొచ్చింది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడే లోపలికి వదులుతారు. మళ్ళీ పోటెక్కిందంటే గుహ పైకప్పు దాకా నీళ్ళే. ఆలోగా అందరినీ బయటికి తెచ్చి ఇనుప తలుపు వేయించాలి.

ఆ కంగారులో తనుంటే, మధ్యలో ఈయన పెత్తనం ఒకటి! బస్సులో వచ్చినవాడు కూడా కాదు. సొంత టికెట్టు, సొట్టపడ్డ సొంత హెల్మెట్టు.

"తాతగారూ, గైడు నేనా, మీరా?"

"నువ్వేనమ్మా," అన్నాడాయన బుద్ధిగా.

రెండడుగులు వేశాడో లేదో మళ్ళీ మొదలెట్టాడు. "అమ్మా, ఆ పక్క సందులోకి వెళ్ళకండి!"

జనం ఘొల్లున నవ్వారు.

నీళ్ళ అడుగు నుంచి పైకి వచ్చే నీలి వెలుగు చూసి అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. వాళ్ళని బతిమాలి, బామాలి, మళ్ళీ తలుపు దగ్గరికి తోలుకొచ్చేసరికి ఆ పిల్లకి తల ప్రాణం తోకకొచ్చింది.

తలుపు బయట పైకెళ్ళే మెట్లు, పక్కన గోడకి కొక్కేలు. అద్దె హెల్మెట్లు తీసి ఎవరివి వాళ్ళు అక్కడ తగిలించాలి. మనుషులైతే అటూ ఇటూ కదులుతారు, హెల్మెట్లు కదలవు కదా! అందుకని గైడులందరూ వాటినే లెక్కపెడతారు.

"ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు. హమ్మయ్య! వేసెయ్ బాబాయ్."

తలుపు దగ్గర కాపలా ఉండే అతను అందరికీ బాబాయే. అతను తలుపు తిప్పే చక్రం మీద చేతులు వేశాడు.

"ఒక్కసారి మనుషుల్ని లెక్కపెట్టమ్మా," అన్నాడు ముసలాయన.

"హెల్మెట్లు సరిపోయాయి కదండీ!"

"హెల్మెట్లు సరే. మనుషుల్ని."

"మీకు పని లేకపోతే పోయి బస్టాండులో కూర్చోండి తాతగారూ! నీళ్ళు వచ్చేస్తుంటే మీతో నాకు వాదనేంటి? వెయ్ బాబాయ్!"

బాబాయ్ చక్రం మీంచి చేతులు తీసేశాడు.

ఇక చేసేది లేక, మెట్ల మీద నిలబడ్డ బస్సువాళ్ళ వైపు వేలు చూపిస్తూ విసురుగా లెక్కపెట్టింది. ఇరవై మూడు. మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై మూడే.

గబగబా రెండు మెట్లెక్కి అరిచింది.

"ఎవరు రాలేదు? మీ మీ వాళ్ళు ఉన్నారో లేదో చూసుకోండి!"

భర్తలు భార్యల్ని చూసుకున్నారు. తల్లులు పిల్లల్ని తడుముకున్నారు. ఎవరి మనుషులు వాళ్ళ దగ్గరే ఉన్నారు.

"బస్సులో... నా పక్క సీట్లో ఒకావిడ," ఒక కాలేజీ అమ్మాయి ముందుకొచ్చింది. "ఒక్కరే వచ్చారు. బిగుతుగా ఉందని హెల్మెట్ తీసి నాకిచ్చారు. వెనకే వస్తున్నారనుకుని నేనే తగిలించేశాను."

తోడెవరూ లేని మనిషి కనపడకపోతే అడిగేవాళ్ళెవరు?

గైడమ్మాయి గుహలోకి తిరిగి గొంతు చించుకుని అరిచింది. సముద్రం హోరు తప్ప జవాబు లేదు. నీళ్ళు మొదటి మెట్టు ఎక్కాయి. మూడో మెట్టు ఎక్కితే తలుపు వెయ్యక తప్పదు. లేకపోతే మెట్ల మీదున్న వాళ్ళంతా కొట్టుకుపోతారు.

ఆమె లోపలికి దూకబోయింది. ముసలాయన రెక్క పట్టుకుని ఆపాడు.

"దారి నాకు తెలుసు. నువ్వు వీళ్ళని పైకి పంపించు."

ఆమె చేతిలో టార్చి లాక్కుని చీకట్లోకి వెళ్ళిపోయాడు.

జనాన్ని పైకి తరిమి ఆమె మళ్ళీ కిందికొచ్చింది. రెండో మెట్టు మునిగింది.

"బాబాయ్, ఇంకొంచెం ఆగు. నీకు దణ్ణం పెడతాను."

చూస్తుండగానే మూడో మెట్టూ మునిగింది.

"ఇంకా రెండో మెట్టేలే," అన్నాడు బాబాయ్, తన మోకాళ్ళ దాకా వచ్చిన నీళ్ళలో నిలబడి.

అప్పుడు కనపడింది టార్చి వెలుగు. పీకల్లోతు నీళ్ళలో ముసలాయన, ఆయన భుజం పట్టుకుని వేలాడుతూ ఒకావిడ. ఇద్దర్నీ జుట్టూ చొక్కా ఏది దొరికితే అది పట్టుకుని లాగారు. తలుపు మూసుకున్న మరుక్షణం అవతల నీళ్ళు ధడాలున కొట్టుకున్నాయి.

"పక్క సందులో కాలు ఇరుక్కుంది. ఎంత అరిచినా ఎవరికీ వినపళ్ళేదు," అంటూ ఆవిడ భోరుమంది.

గైడమ్మాయి ఆవిడని కావలించుకుని తనూ ఏడ్చేసింది.

ముసలాయన చలికి గడగడ వణుకుతున్నాడు. మొహం మాత్రం వెలిగిపోతోంది. తన సొట్ట హెల్మెట్టు తీసి బాబాయ్ చేతిలో పెట్టాడు.

"ఇది నువ్వే ఉంచుకోరా. రేపట్నుంచి నేను రాను."

ఆవిడని పైకి చేర్చి, కాలికి కట్టు కట్టించాక గానీ గైడమ్మాయికి ఆయన గుర్తు రాలేదు. క్షమించమని అడగలేదు. పేరైనా అడగలేదు. రోడ్డు మీదికి పరిగెత్తింది. ఆ చివర నుంచి ఈ చివర దాకా ఎవరూ లేరు.

రొప్పుతూ వచ్చి బాబాయ్ ముందు నిలబడింది.

"ఎవరు బాబాయ్ ఆయన?"

"పందొమ్మిదేళ్ళుగా రోజూ టికెట్టు కొనుక్కుని వస్తాడు. ప్రతి గుంపు వెనకాలా నడుస్తాడు. ప్రతి గైడు చేతా తిట్లు తింటాడు."

"ఎందుకు?"

"అప్పట్లో ఒకతను, ఇలాగే ఒక్కడే వచ్చి లోపల ఉండిపోయాడమ్మా. మర్నాడు తలుపు తీసేదాకా ఎవరికీ తెలీలేదు."

"ఈయన కొడుకా?"

బాబాయ్ అడ్డంగా తలూపాడు.

"ఆ రోజు ఇక్కడే నిలబడి, లెక్క సరిపోయింది, తలుపు వేసెయ్ అని నాతో చెప్పిన గైడు ఈయనే."